పన్ను గొడవ యుద్ధం దాకా ఎలా వెళ్లింది? అమెరికా కాలనీలు, 1764–1776

(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పేరు మనందరం విన్నదే. అందులో ఇంగ్లండు రాజు మూడో జార్జి మీద మోపిన నేరాల పట్టిక ఉంటుంది. మొత్తం 27. మా అనుమతి లేకుండా మా మీద పన్నులు వేశాడు అన్నది అందులో పదిహేడోది, ఒక్క వాక్యం. బడిలో మనం చదువుకున్నదేమో ప్రాతినిధ్యం లేనిదే పన్ను కట్టం అన్న నినాదం, సముద్రంలో పారబోసిన టీ. మరి పన్నుతో మొదలైన గొడవలో, చివరికి రాసుకున్న పత్రంలో పన్ను అంత కిందికి ఎందుకు జారింది? దానికి ముందు ఏమున్నాయంటే శాసనసభలను రద్దు చేయడం, జడ్జీల జీతాలను రాజు తన గుప్పిట్లో పెట్టుకోవడం, యుద్ధం లేనప్పుడు కూడా ఊళ్లలో సైన్యాన్ని దించడం. ఈ వరుసలోనే అసలు సంగతి ఉంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పన్నును ఆపడానికి జనం కమిటీలు కట్టుకున్నారు. పదేళ్లలో ఆ కమిటీలు కోర్టులు, పన్ను వసూలు, ఊరి దళాలు, మందుగుండు ఒక్కొక్కటిగా తమ చేతిలోకి తీసుకున్నాయి. ఒకే నేల మీద రెండు ప్రభుత్వాలు నిలబడ్డాయి. యుద్ధం అక్కడ పుట్టింది. పన్ను ఎంత అన్నది అందులో చిన్న విషయం.

నేపథ్యం క్లుప్తంగా. 1763లో ఏడేళ్ల యుద్ధం ముగిసింది. ఫ్రాన్సు ఓడింది, కెనడా బ్రిటన్ వశమైంది. గెలిచిన బ్రిటన్ అప్పు మాత్రం 12 కోట్ల పౌండ్లు దాటింది. అమెరికాలో సుమారు 10,000 మంది సైనికులను ఉంచాలని లండన్ నిర్ణయించింది. ఆ ఖర్చులో కొంతైనా కాలనీలు పెట్టుకోవాలన్నది మంత్రుల మాట. వాళ్ల వైపు నుంచి చూస్తే అన్యాయమైన కోరికేమీ కాదు, అది ఒప్పుకోవాలి.

మొదటి చట్టం 1764లో వచ్చింది. దాన్ని చక్కెర చట్టం అంటారు. నిజానికి గొడవంతా చెరకు మడ్డి మీద. న్యూ ఇంగ్లండు కాలనీలు ఫ్రెంచి దీవుల నుంచి మడ్డి తెచ్చి రమ్ము కాచేవి. 1733 నాటి చట్టం ప్రకారం గాలనుకు 6 పెన్నీల సుంకం. ఎవరూ కట్టేవారు కాదు. కస్టమ్స్ అధికారి చేతిలో పెన్నీయో, పెన్నీన్నరో పెడితే సరుకు దిగిపోయేది. 1764లో సుంకాన్ని 3 పెన్నీలకు తగ్గించారు. అయితే ఈసారి గట్టిగా వసూలు చేస్తామన్నారు. పట్టుబడ్డ ఓడ మీద కేసును కెనడా వైపు హాలిఫాక్స్‌లో పెట్టిన నౌకా న్యాయస్థానానికి తీసుకెళ్లే వీలు కల్పించారు. అక్కడ జ్యూరీ ఉండదు. సరుకు దొంగది కాదని రుజువు చేసుకునే భారం యజమానిది. అధికారికి అనుమానించడానికి తగిన కారణం ఉందని జడ్జి రాసిస్తే, యజమాని కేసు గెలిచినా నష్టపరిహారం అడగలేడు. చూశారా, పన్ను సగానికి తగ్గింది, కోపం రెట్టింపయింది. ఈ లెక్క అర్థమైతే మిగతా పన్నెండేళ్లూ అర్థమవుతాయి.

తర్వాతది 1765 మార్చిలో చేసిన స్టాంపు చట్టం, నవంబరు 1 నుంచి అమలు. కోర్టు కాగితం, భూమి దస్తావేజు, వార్తాపత్రిక, పేకముక్కలు, పాచికలు, అన్నిటికీ లండన్‌లో ముద్ర వేసిన కాగితమో, ముద్రో కావాలి. పేక కట్టకు 1 షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు, కాలేజీ పట్టాకు 2 పౌండ్లు, పత్రికలో ఒక్కో ప్రకటనకు 2 షిల్లింగులు. అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. కట్టాల్సింది ఇంగ్లండు నాణెంలో. కాలనీల్లో ఆ నాణేలే కరువు, పైగా ఏడాది ముందే అక్కడి కాగితపు డబ్బు మీద ఆంక్షలు పెట్టారు. ఇది ఎవరికి తగిలిందో గమనించండి. లాయర్లకు, అచ్చాఫీసు వాళ్లకు, సారాయి దుకాణదారులకు. ఊళ్లో మాట పుట్టించి, అచ్చువేసి, నలుగురిలో నానబెట్టేది ఈ ముగ్గురే. ప్రభుత్వం ఏరికోరి వాళ్లనే కెలికింది.

ఈ చట్టానికి ఆచరణలో ఒక బలహీనత ఉంది. ఒక్కో కాలనీకి స్టాంపులు పంచే ఏజెంటు ఉండాలి. అతను లేకపోతే కట్టలు విప్పే నాథుడే లేడు. నిరసనకారులు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. 1765 ఆగస్టు 14న బోస్టన్‌లో ఏజెంటు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను ఒక ఎల్మ్ చెట్టుకు వేలాడదీశారు. సాయంత్రానికి అతని కొత్త కట్టడం కూలింది, ఇంటి మీద దాడి జరిగింది. మర్నాడు ఆలివర్ ఆ పని చేయనని మాట ఇచ్చాడు. పన్నెండు రోజుల తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇల్లు గోడలు మిగిలేలా దోచారు. ఆ రెండో దాడి ఉద్యమ పెద్దలనే భయపెట్టింది. ఊళ్లో ఆస్తి ఉన్నవాళ్లు వెనక్కి తగ్గుతారని గ్రహించి, అప్పటి నుంచి గుంపును అదుపులో పెట్టుకోవడం మీద శ్రద్ధ పెట్టారు. నవంబరు 1 వచ్చేసరికి దాదాపు ఏ కాలనీలోనూ ఏజెంటు మిగల్లేదు. జార్జియాలో మాత్రం కొద్దిగా అమ్మకాలు జరిగాయి.

అక్టోబరులో న్యూయార్క్‌లో 9 కాలనీల నుంచి 27 మంది ప్రతినిధులు కలిశారు. మేమెన్నుకున్న సభలే మా మీద పన్ను వేయగలవు అని తీర్మానించారు. లండన్ జవాబు ఏమిటంటే, మాంచెస్టర్‌కూ బర్మింగ్‌హామ్‌కూ కూడా పార్లమెంటులో సభ్యులు లేరు, అయినా వాళ్లు కడుతున్నారు కదా, ప్రతి సభ్యుడూ సామ్రాజ్యం మొత్తానికీ ప్రతినిధే అని. ఈ వాదన కాలనీల్లో ఎవరినీ ఒప్పించలేదు. ఎందుకంటే వాళ్లకు సొంత శాసనసభలు ఉన్నాయి, వాటిలో తమ ఊరివాడే కూర్చుంటాడు, బడ్జెట్ ఆయన చేతిలోనే ఉంటుంది. నూరేళ్లుగా అలవాటైన పద్ధతి అది.

చట్టం కూలింది వాదన బలంతో మాత్రమే అనుకోకండి. న్యూయార్క్ వర్తకులు అక్టోబరు 31న బ్రిటిష్ సరుకు తెప్పించబోమని సంతకాలు చేశారు. ఇతర రేవులూ కలిశాయి. ఇంగ్లండులో వర్తకులకు బాకీలు రాక, కొత్త ఆర్డర్లు లేక, వాళ్లే పార్లమెంటు గుమ్మం ఎక్కారు. 1766 మార్చి 18న చట్టం రద్దయింది. అదే రోజు మరో చట్టం కూడా ఆమోదించారు: ఏ విషయంలోనైనా సరే కాలనీలను కట్టడి చేసే చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకు ఉంది అని. కాలనీల్లో జనం రద్దు వార్తకు దీపాలు వెలిగించుకుని, రెండో కాగితం పెద్దగా పట్టించుకోలేదు.

1767లో ఖజానా మంత్రి ఛార్లెస్ టౌన్షెండ్ కొత్త సుంకాలు పెట్టాడు. గాజు, సీసం, రంగులు, కాగితం, టీ. టీకి పౌండు బరువుకు, అంటే 450 గ్రాములకు, 3 పెన్నీలు. వచ్చే డబ్బు తక్కువే. ఆ డబ్బు దేనికన్నది ముఖ్యం. గవర్నర్లకు, జడ్జీలకు జీతాలివ్వడానికి! అప్పటిదాకా గవర్నర్ జీతాన్ని చాలా కాలనీల్లో శాసనసభే మంజూరు చేసేది. సభ మాట వినకపోతే జీతం ఆలస్యమయ్యేది. కాలనీ జనం చేతిలో ఉన్న కళ్లెం అదొక్కటే. టౌన్షెండ్ దాన్ని తెంపాలని చూశాడు.

మళ్లీ బహిష్కరణ. ఈసారి అది ఎక్కడ పాడైందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 1774లో వాళ్లు దిద్దుకున్నవి ఇక్కడి తప్పులే. ప్రతి రేవూ విడిగా ఒప్పందం రాసుకుంది. బోస్టన్ ఒప్పందం 1769 జనవరి 1 నుంచి. ఫిలడెల్ఫియాది ఆ తర్వాత. ఒక రేవు ఆపిన సరుకు పక్క రేవులో దిగేది. గోదాముల్లో పాత సరుకు నిండుగా ఉన్న పెద్ద వర్తకుడికి బహిష్కరణే లాభం, ధర పెంచి అమ్ముకున్నాడు. చిన్న వర్తకుడు దివాలా తీశాడు. తనిఖీ చేసేదీ వర్తకుల కమిటీయే, తప్పు చేసేదీ వర్తకుడే. బోస్టన్ అచ్చాఫీసు యజమాని జాన్ మీన్ ఓడల సరుకు జాబితాలు సంపాదించి, సంతకాలు చేసినవాళ్లే సరుకు దించుకుంటున్నారని తన పత్రికలో పేర్లతో అచ్చేశాడు. అతన్ని ఊళ్లో నుంచి తరిమేశారు. నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. 1770 జులైలో న్యూయార్క్ జారుకుంది, ఆ శీతాకాలం లోపు మిగతావీ జారాయి.

ఈలోగా 1768 అక్టోబరు 1న బోస్టన్‌లో సైన్యం దిగింది. ఊరి జనాభా పదహారు వేల లోపు. ఖాళీ దొరికినప్పుడు సైనికులు కూలి పనులకు పోటీ పడేవారు, తాడు పేనే కార్ఖానాల్లో కొట్లాటలు అలాగే మొదలయ్యాయి. 1770 మార్చి 5 రాత్రి కస్టమ్స్ భవనం ముందు కాల్పులు జరిగి అయిదుగురు చనిపోయారు. నల్లజాతి, ఆదివాసీ రక్తం కలిసిన నావికుడు క్రిస్పస్ అటక్స్ వాళ్లలో ఒకడు. సైనికుల తరఫున వాదించింది జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన మనిషి. కెప్టెన్ ప్రెస్టన్ విడుదలయ్యాడు, ఎనిమిది మంది సైనికుల్లో ఇద్దరికే శిక్ష, బొటనవేలి మీద వాత. విచిత్రం ఏమిటంటే అదే మార్చి 5న లండన్‌లో ప్రధాని లార్డ్ నార్త్, టీ మీద తప్ప మిగతా సుంకాలన్నీ తీసేద్దామని సభలో ప్రతిపాదించాడు. టీ మీద ఉంచింది డబ్బు కోసం కంటే హక్కు నిలుపుకోవడం కోసం.

తర్వాతి రెండేళ్లూ పైకి చల్లగా ఉన్నాయి. 1772లో, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ కాలనీ గవర్నర్‌కు, పై కోర్టు జడ్జీలకు జీతాలు ఇక రాజే ఇస్తాడని తెలిసింది. నవంబరు 2న శామ్యూల్ ఆడమ్స్ ప్రోద్బలంతో బోస్టన్ ఊరి సభ ఉత్తర ప్రత్యుత్తరాల కమిటీని వేసింది. పని చాలా సాదా. తమ హక్కులేమిటి, వాటికి జరిగిన భంగమేమిటి అని కరపత్రం రాసి ప్రతి ఊరికీ పంపడం, మీ అభిప్రాయం రాయండి అని అడగడం. వందకు పైగా ఊళ్లు జవాబు రాశాయి. జవాబు రాయాలంటే ఊరంతా కూర్చుని చదవాలి, వాదించుకోవాలి, ఓటు వేయాలి. రాజకీయం రేవు పట్టణం వర్తకుల చేతిలోంచి పల్లె రైతు చేతిలోకి వెళ్లింది ఇక్కడే. నా దృష్టిలో ఈ కథలో టీ కంటే ఇది పెద్ద మలుపు.

ఇక టీ. ఇందులో మన సంగతి కూడా ఉంది. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను పుచ్చుకున్న కంపెనీయే. హైదర్ అలీతో యుద్ధం ఖర్చులు, 1770 బెంగాల్ కరువు, అయినా తగ్గించని డివిడెండ్లు, దీనికి తోడు బ్రిటిష్ ఖజానాకు ఏటా కట్టాల్సిన 4 లక్షల పౌండ్లు, అన్నీ కలిసి 1772 నాటికి కంపెనీ కుదేలైంది. గోదాముల్లో 70 లక్షల కిలోలకు పైగా టీ మూలుగుతోంది. అంతా చైనా సరుకే, భారతదేశంలో టీ తోటలు ఇంకా లేవు. 1773 మేలో పార్లమెంటు టీ చట్టం చేసింది. కొత్త పన్నేమీ వేయలేదు. కంపెనీ ఇంతకు ముందు లండన్ వేలంలోనే అమ్మాలి, ఇప్పుడు తన ఏజెంట్ల ద్వారా నేరుగా అమెరికాలో అమ్ముకోవచ్చు. ఇంగ్లండులో కట్టిన సుంకం వెనక్కి వస్తుంది. అంటే దళారులు పోతారు, ధర తగ్గుతుంది, దొంగతనంగా వచ్చే డచ్చి టీ కంటే చవకవుతుంది. 3 పెన్నీలు మాత్రం అలాగే ఉంటాయి. చవకగా దొరికితే జనం కొంటారు, కొన్నారంటే పన్ను ఒప్పుకున్నట్టే. బోస్టన్‌లో ఏజెంట్లుగా నియమించినవారిలో గవర్నర్ హచిన్సన్ కొడుకులిద్దరు ఉన్నారు.

టీ పారబోసింది 1773 డిసెంబరు 16 రాత్రే ఎందుకన్నది కస్టమ్స్ నిబంధనలో ఉంది. ఓడ రేవులోకి వచ్చాక 20 రోజుల్లోగా సుంకం కట్టాలి. కట్టకపోతే అధికారులు సరుకు జప్తు చేసి ఒడ్డుకు దించుకుంటారు. డార్ట్‌మత్ అనే ఓడ నవంబరు 28న వచ్చింది, గడువు డిసెంబరు 17తో తీరుతుంది. వెనక్కి పంపుదామంటే కస్టమ్స్ కాగితం కావాలి, రేవు ముఖం దగ్గర కోట దాటడానికి గవర్నర్ అనుమతి కావాలి. ఫిలడెల్ఫియాలో, న్యూయార్క్‌లో ఏజెంట్లు తప్పుకున్నారు. ఫిలడెల్ఫియాకు వచ్చిన టీ ఓడ దించకుండానే వెనక్కి వెళ్లింది. బోస్టన్‌లో హచిన్సన్ పట్టు విడవలేదు. 16వ తేదీన ఓల్డ్ సౌత్ ప్రార్థనా మందిరంలో సుమారు 5,000 మంది చేరి, ఓడ యజమానిని చివరిసారి గవర్నర్ దగ్గరికి పంపారు. చీకటి పడ్డాక అతను ఉత్త చేతులతో వచ్చాడు. అప్పుడు గ్రిఫిన్ రేవుకట్ట దగ్గర మూడు ఓడలెక్కి, మూడు గంటల్లో 340కి పైగా పెట్టెలు పగలగొట్టి పారబోశారు. సుమారు 42 టన్నులు, కంపెనీ లెక్క ప్రకారం 9,659 పౌండ్ల విలువ. ఆటుపోట్లలో ఆటు సమయం కావడంతో నీళ్లు తక్కువ, టీ ఓడ పక్కన కుప్పలు పడింది. మర్నాడు పొద్దున్నే పడవల్లో వెళ్లి తెడ్లతో కొట్టి ముంచాల్సి వచ్చింది. టీ తప్ప వేరే సరుకు ముట్టుకోలేదు. 1765లో హచిన్సన్ ఇల్లు దోచిన గుంపుకూ దీనికీ తేడా కావాలనే చూపించారు.

లండన్ జవాబు 1774లో నాలుగు చట్టాలు. టీ డబ్బు కట్టేదాకా జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూత. మసాచుసెట్స్ పాలనా పత్రం మార్పు: పై సభను ఇక రాజు నియమిస్తాడు, జడ్జీలనూ షెరీఫులనూ గవర్నర్ నియమిస్తాడు, జ్యూరీని షెరీఫు ఏరుతాడు, ఊరి సభ ఏడాదికి ఒక్కసారికి మించి కలవాలంటే గవర్నర్ అనుమతి. అధికారుల మీద హత్యా నేరాల విచారణను వేరే చోటికి మార్చే వీలు ఇంకో చట్టం. సైనికులకు బస నాలుగోది. గవర్నర్‌గా జనరల్ థామస్ గేజ్ వచ్చాడు. రేవు మూత బోస్టన్ కడుపు కొట్టింది, దక్షిణ కెరొలైనా బియ్యం పంపింది, కనెక్టికట్ గొర్రెలు పంపింది. అయితే పల్లెల్ని లేపింది రెండో చట్టం. రైతుకు కోర్టంటే అప్పుల దావా, భూమి తగాదా. ఆ కోర్టు ఇక జవాబుదారీ లేని జడ్జి చేతిలో పడుతుందంటే అది అతని పొలానికి సంబంధించిన విషయం.

1774 సెప్టెంబరు 6, వూస్టర్ పట్టణం. కోర్టు తెరవాల్సిన రోజు. 37 ఊళ్ల నుంచి 4,622 మంది ఊరి దళాల మనుషులు వచ్చారు. ఈ లెక్క ఎలా తెలుసంటే వాళ్లే ఊరి వారీగా తలలు లెక్కపెట్టుకున్నారు. కోర్టు భవనం తాళం వేసి ఉంది. వీధికి రెండు పక్కలా ఊరి వెనక ఊరు చొప్పున బారులు తీరారు. జడ్జీలు, షెరీఫు, లాయర్లు టోపీ చేతిలో పట్టుకుని ఆ బారుల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద పనిచేయబోమని రాసిన కాగితాన్ని ఆగి ఆగి, ముప్ఫై సార్లకు పైగా గట్టిగా చదివారు, అందరికీ వినబడాలి కాబట్టి. ఒక్క తూటా పేలలేదు. ఆ నెలాఖరుకు బోస్టన్ బయట మసాచుసెట్స్‌లో రాజు ప్రభుత్వం చాలావరకు పనిచేయడం మానేసింది. గేజ్ లండన్‌కు రాశాడు: పదివేల మంది చాలనుకుంటే ఇరవైవేలు పంపండి అని. ఆయన దగ్గరున్నది దాదాపు మూడు వేలు.

అక్టోబరులో ఆ కాలనీ ప్రతినిధులు గవర్నర్ అనుమతి లేకుండా ప్రొవిన్షియల్ కాంగ్రెస్‌గా కూర్చున్నారు. వాళ్ల నిర్ణయాల్లో అన్నిటికంటే బరువైనది ఒకటి చెబుతాను. ఊళ్లలో వసూలైన పన్నును రాజు తరఫు ఖజానాదారు హారిసన్ గ్రేకు కట్టవద్దు, మేము నియమించిన హెన్రీ గార్డ్‌నర్‌కు కట్టండి అని. పన్ను మానేయండి అనలేదు! పన్ను కట్టండి, మాకు కట్టండి అన్నారు. నిరసన ఇక్కడితో అయిపోయింది, ప్రభుత్వం మొదలైంది. ఆ డబ్బుతో కొనాల్సిన వాటి పట్టికా వేశారు: 20 ఫిరంగులు, 1,000 పీపాల మందు, 5,000 తుపాకులు.

అదే సమయంలో ఫిలడెల్ఫియాలో 12 కాలనీల కాంగ్రెస్ కూర్చుంది, జార్జియా రాలేదు. బ్రిటిష్ పార్లమెంటుతో కలిసి పనిచేసే అమెరికా సభ ఒకటి పెట్టుకుని రాజీపడదామని జోసెఫ్ గాలవే ప్రతిపాదిస్తే, ఒక్క కాలనీ ఓటు తేడాతో పక్కకు పోయింది. అంటే 1774 శరదృతువులో కూడా సగం మంది రాజీకి సిద్ధమే. అక్టోబరు 20న సంతకాలైన అసోసియేషన్ ఒప్పందం మాత్రం 1770 ఓటమి నుంచి నేర్చుకుని రాసింది. అన్ని కాలనీలకూ ఒకే తేదీలు: దిగుమతి 1774 డిసెంబరు 1 నుంచి బంద్, ఎగుమతి 1775 సెప్టెంబరు 10 నుంచి. ధరలు పెంచితే వర్తకుడి పేరు పత్రికలో. డిసెంబరు 1 తర్వాత ఫిబ్రవరి 1 లోపు దిగిన సరుకుకు యజమాని ముందు మూడు దారులు: వెనక్కి పంపడం, కమిటీ గోదాములో పెట్టడం, లేదా కమిటీ చేత అమ్మించి, అసలు తను తీసుకుని, లాభం బోస్టన్ సహాయ నిధికి ఇవ్వడం. ఉన్నికి కొరత రాకుండా గొర్రెల్ని కోయడం తగ్గించాలి. ఎవరైనా పోతే కొత్త నల్లబట్టలు కొనకుండా మగవాళ్లు చేతికో టోపీకో నల్ల రిబ్బను కట్టుకుంటే చాలు. వీటిని చూసేందుకు పదకొండో అంశం కింద ప్రతి కౌంటీలో, ప్రతి పట్టణంలో ఓటర్లు ఎన్నుకున్న కమిటీ. వర్తకుల కమిటీలు పోయి ఎన్నికైన కమిటీలు వచ్చాయి, తేడా అంతా అక్కడ. ఇంగ్లండు నుంచి న్యూయార్క్‌కు దిగుమతి 1774లో 4,37,000 పౌండ్లు, 1775లో 1,228 పౌండ్లు.

ఇంట్లో నూలు వడకకపోతే, టీ మానకపోతే ఇదంతా కాగితం మీద మిగిలేది. ఆ పని ఆడవాళ్లు చేశారు. ఉత్తర కెరొలైనాలోని ఎడెన్టన్‌లో 51 మంది స్త్రీలు 1774 అక్టోబరు 25న తమ పేర్లతో సంతకాలు పెట్టి ప్రకటించారు. ఈ కమిటీల్లో మరో ముఖమూ ఉంది. పత్రికలో పేరు పడినవాడితో ఊరు మాట్లాడదు, పిండి మర పట్టదు. కొందరికి ఒంటికి తారు పూసి ఈకలు అంటించారు. రాజు పక్షాన ఉన్నవాళ్లు తమకు వాక్ స్వేచ్ఛ లేదని మొత్తుకున్నది నిజమే.

ఇక మందుగుండు. తుపాకి మందులో నాలుగింట మూడు వంతులు సురేకారం, మిగతాది బొగ్గు, గంధకం. కాలనీల్లో సురేకారం తయారీ దాదాపు లేదు. బ్రిటన్‌కు అది ఎక్కువగా మన బీహార్ నుంచి కంపెనీ ఓడల్లో వెళ్లేది. 1774 అక్టోబరులో రాజు అమెరికాకు ఆయుధాలు, మందు ఎగుమతిని నిషేధించాడు. కాబట్టి కొట్లలో ఉన్న పీపాలే ఆస్తి. అంతకు ముందే సెప్టెంబరు 1న గేజ్ మనుషులు బోస్టన్ దగ్గర ఒక కొట్టు నుంచి 250 అర పీపాలు పట్టుకెళ్లారు. చట్టప్రకారం అది రాజు వాటా మందే. కానీ బోస్టన్ మీద ఫిరంగులు పేల్చారని పుకారు లేచి వేలమంది తుపాకులతో బయల్దేరారు. డిసెంబరులో న్యూ హాంప్‌షైర్ వాళ్లు పోర్ట్స్‌మత్ రేవు కోటలో దూరి సుమారు 100 పీపాలు ఎత్తుకుపోయారు.

1775 ఏప్రిల్ 19న దాదాపు 700 మంది బ్రిటిష్ సైనికులు, బోస్టన్ దగ్గరి కాంకర్డ్‌లో కాలనీవాళ్లు దాచిన సరంజామా కోసం వెళ్లారు. తెల్లవారుజామున లెక్సింగ్టన్ మైదానంలో కెప్టెన్ జాన్ పార్కర్ కింద 77 మంది నిలబడి ఉన్నారు. మొదటి తూటా ఎవరిదో తేలలేదు. కాలనీ వైపు ఎనిమిది మంది చనిపోయారు. కాంకర్డ్‌లో ముఖ్యమైన సరుకు అప్పటికే తరలించేశారు. తిరుగు దారిలో గోడల వెనక నుంచి, చెట్ల వెనక నుంచి కాల్పులు. బ్రిటిష్ వైపు చనిపోయినవారు, గాయపడ్డవారు, కనబడకుండా పోయినవారు కలిపి 273, కాలనీల వైపు వందకు లోపు. వారం తిరగకుండా ప్రొవిన్షియల్ కాంగ్రెస్ ఏం చేసిందో చూడండి. ప్రత్యక్ష సాక్షుల చేత ప్రమాణం చేయించి వాంగ్మూలాలు రాయించింది, పట్టుబడ్డ బ్రిటిష్ సైనికుల చేత కూడా. జాన్ డెర్బీ అనే కెప్టెన్ సరుకు లేని తేలికపాటి ఓడలో వాటిని లండన్ చేర్చాడు. గేజ్ నివేదిక నాలుగు రోజులు ముందే బయల్దేరినా దాదాపు రెండు వారాలు వెనక చేరింది. ఆ రెండు వారాలూ లండన్ చదివింది ఒక్క వైపు కథే.

జూన్‌లో ఫిలడెల్ఫియా కాంగ్రెస్ సైన్యం పెట్టి జార్జి వాషింగ్టన్‌ను సేనాధిపతిని చేసింది. ఆగస్టులో ఆయనకు తెలిసిన సంగతి: 308 పీపాల మందు ఉందనుకుంటే ఉన్నది నలభైకి లోపు. మనిషికి తొమ్మిది రౌండ్లు. పొరపాటు ఎక్కడంటే, స్థానిక కమిటీ ఇచ్చిన లెక్క మొదట సేకరించిన మొత్తానిది. బోస్టన్ దగ్గర బంకర్ హిల్ పోరులో ఖర్చయింది అందులోంచి తీసేయలేదు. బోస్టన్ చుట్టూ ముట్టడి కొన్నాళ్లు శత్రువుకు ఈ సంగతి తెలియకపోవడం మీదే నడిచింది.

అయినా స్వాతంత్ర్యం మాట ఎత్తడానికి కాల్పుల తర్వాత పద్నాలుగు నెలలు పైగా పట్టింది. మేము పోరాడుతున్నది మంత్రుల సైన్యంతో, రాజుతో కాదు అనేవారు. 1775 జులైలో రాజుకు విన్నపం పంపారు. ఆయన తీసుకోలేదు. ఆగస్టు 23న కాలనీలు తిరుగుబాటులో ఉన్నాయని ప్రకటించాడు. నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే విముక్తి అన్నాడు. దక్షిణాది భూస్వాములు రాజుకు దూరమవడానికి అదీ కారణమే, స్వేచ్ఛ కోసం రాసిన ప్రకటన మీద ఆ మచ్చ ఉంది. డిసెంబరులో పార్లమెంటు కాలనీల ఓడలన్నీ శత్రువు ఓడల కిందే లెక్క అంది. 1776 జనవరిలో థామస్ పెయిన్ కరపత్రం మొదటిసారి రాజరికాన్నే ప్రశ్నించింది, అదీ గుడిసెలో కూడా అర్థమయ్యే భాషలో. జర్మను సంస్థానాల నుంచి అద్దె సైనికులు వస్తున్నారన్న వార్త వచ్చింది. ఇంకో ఆచరణ సమస్య: మందు, డబ్బు ఫ్రాన్సు ఇవ్వాలి. రేపో మాపో రాజుతో రాజీపడే తిరుగుబాటుదారులతో ఏ దేశమూ బహిరంగంగా సంధి చేసుకోదు.

జూన్ 7న వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ స్వాతంత్ర్య తీర్మానం పెట్టాడు. జులై 1న లెక్క చూస్తే పెన్సిల్వేనియా, దక్షిణ కెరొలైనా వ్యతిరేకం, డెలావేర్ రెండుగా చీలింది, న్యూయార్క్‌కు ఆదేశాలు లేవు. రాత్రికి రాత్రి సీజర్ రాడ్నీ గుర్రం మీద వచ్చి డెలావేర్ ముడి విప్పాడు, పెన్సిల్వేనియా నుంచి ఇద్దరు కావాలనే గైర్హాజరయ్యారు, దక్షిణ కెరొలైనా మనసు మార్చుకుంది. జులై 2న 12 కాలనీలు అవునన్నాయి. 4న ఆమోదించింది స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని. న్యూయార్క్ 9న కలిసింది.

సభలో నుంచి ఒక ప్రశ్న చీటీ వచ్చింది: పన్ను ముందే తీసేసి ఉంటే యుద్ధం ఆగేదా?

దీనికి ఊహించనక్కర్లేదు, తీసేసి చూశారు. 1775 ఫిబ్రవరిలోనే లార్డ్ నార్త్, రక్షణ ఖర్చుకు మీ సభలే డబ్బు కేటాయిస్తే మేము పన్ను వేయం అన్నాడు. మా డబ్బు మా ఇష్టప్రకారం ఇచ్చే హక్కు ఏదని కాంగ్రెస్ ఆ జులైలో తోసిపుచ్చింది. 1777 శరత్తులో సారటోగా దగ్గర బ్రిటిష్ సైన్యం ఒకటి లొంగిపోయాక, ఫ్రాన్సుతో సంధి కుదిరిన 1778లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది: కాలనీల మీద ఆదాయం కోసం పన్ను వేయం, టీ సుంకం రద్దు, మసాచుసెట్స్ పాలనా చట్టం రద్దు అని. కార్లైల్ ప్రభువు నాయకత్వంలో కమిషనర్లు ఆ కాగితాలతో జూన్‌లో, అప్పటికి బ్రిటిష్ సైన్యం చేతిలో ఉన్న ఫిలడెల్ఫియా చేరారు. 1765లో అడిగినవన్నీ, దాని మీద మరికొన్నీ వాటిలో ఉన్నాయి. జూన్ 17న కాంగ్రెస్ జవాబిచ్చింది: మా స్వాతంత్ర్యాన్ని గుర్తించండి, లేదా మీ సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్లండి, అప్పుడు మాట్లాడదాం. మర్నాటికి బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా ఖాళీ చేసింది. కమిషనర్లూ వాళ్లతో పాటే న్యూయార్క్ బయల్దేరారు.